బంగారంలో నిలవని వెలుగు

దోహాలో శుక్రవారం సెలవు కావడంతో విశ్వవిద్యాలయం భవనమంతా ఖాళీగా ఉంది. కింది అంతస్తులోని ల్యాబ్‌లో పెర్సిస్ ఒక్కతే లేజర్ బల్ల ముందు నిలబడి అద్దాల మీది దుమ్ము దులుపుతోంది. పొద్దున అమ్మ సుకుమారి చర్చికి బయలుదేరుతూ, "ఈ వారం కూడా ఎగ్గొడుతున్నావన్నమాట. ఆరాధనకంటే ఆ అద్దాలే ఎక్కువైపోయాయి నీకు" అని ఓల్డ్ ఎయిర్‌పోర్ట్ పేటలోని ఇంటి గుమ్మంలో మొహం ముడుచుకుంది. మధ్యాహ్నం భోజనానికి వచ్చేస్తానని సర్దిచెప్పి వచ్చింది పెర్సిస్. నిజానికి అంత పనేమీ లేదు.

రబ్బరు బుడ్డితో గాలి ఊదుతుంటే చెయ్యి కాస్త గట్టిగా నొక్కుకుంది. చప్పుడైనా లేకుండా పొర చిరిగిపోయింది.

ఆ పొర ఒక చిన్న లోహపు రింగుకు డప్పు మీద తోలులా బిగించి ఉండే ప్లాస్టిక్. దాని ముందు ఉల్లిపొర కూడా గోనెపట్టాలాగే ఉంటుంది. లేజర్ వెలుగును రెండుగా పంచడం దాని పని. సగం వెలుగును తన గుండా పోనిస్తుంది, సగాన్ని పక్కకు తిప్పుతుంది. చిరగడం వింతేమీ కాదు. బీరువాలో వెతికితే అదే మందం ఉన్నది దొరకలేదు. ఇంకా పలుచనిది ఒకటి దొరికింది. ప్రస్తుతానికి ఇది చాల్లే అని బిగించేసింది.

ఆ బల్ల డాక్టర్ మెహర్ సుల్తానా బృందానిది. కరీంనగర్‌లో పుట్టి, హైదరాబాదులో చదివి, పదిహేనేళ్ళుగా దోహాలో పాఠాలు చెబుతున్న ఆమె దగ్గర నలుగురు పరిశోధక విద్యార్థులున్నారు. వాళ్ళు కొలిచేది వెలుగునే, కానీ అతి చిన్న చోట, అతి కొద్ది సేపు. బంగారు రేకు మీద కంటికి ఆనని సన్నని చీలికలు చేసి, వాటిలో లేజర్ వెలుగు దూరాక ఎంతసేపు నిలుస్తుందో చూస్తారు. ఆ సేపును ఫెమ్టోసెకన్లలో లెక్కిస్తారు. సెకనును వెయ్యి లక్షల కోట్ల ముక్కలు చేస్తే అందులో ఒక ముక్క అది. బంగారంలో వెలుగు పది ముక్కల సేపు నిలిస్తే గొప్ప. అలాంటిది వీళ్ళ బంగారంలో యాభై ముక్కల దగ్గర వెలుగు మళ్ళీ తల ఎత్తింది. తెర మీద పెద్ద గుట్ట, దాని పక్కన ఒక చిన్న గుట్ట. ఆ చిన్న గుట్టను మొదట చూసినవాడు రాజేందర్. "చిన్నోడు" అని పేరు పెట్టినవాడూ అతనే.

చిన్నోడు ఆ బృందం తలరాత మార్చేశాడు. పేరున్న పత్రికలో వ్యాసం అచ్చయింది. జపాన్‌లో జరిగిన సదస్సులో రాజేందర్‌కి బహుమతి వచ్చింది. విశ్వవిద్యాలయం గేటు దగ్గరి పెద్ద తెర మీద వాళ్ళ ఫోటో వారాల తరబడి వెలిగింది. వచ్చే ఐదేళ్ళకు నిధులు ఇవ్వాలా వద్దా అని తేల్చే కమిటీ ఎల్లుండి కాక ఆ పై ఆదివారం కూర్చోబోతోంది. ఆ తర్వాత వారమే రాజేందర్ పీహెచ్‌డీ వైవా. పెర్సిస్ సిద్ధాంత గ్రంథంలోనూ రెండు అధ్యాయాలు చిన్నోడి మీదే నిలబడి ఉన్నాయి.

కొత్త పొర బిగించాక, అన్నీ సరిగ్గా కూర్చున్నాయో లేదో చూద్దామని పెర్సిస్ మామూలు కొలత ఒకటి తీసింది. పెద్ద గుట్ట వచ్చింది. చిన్నోడూ వచ్చాడు. కానీ యాభై దగ్గర కాదు, ఇరవై దగ్గర.

అద్దం ఏదో పక్కకు జరిగిందనుకుంది. విప్పి మళ్ళీ పెట్టింది. ఇరవై దగ్గరే. బంగారు రేకు మార్చింది. ఇరవై దగ్గరే. ఆఖరికి బంగారాన్ని పూర్తిగా తీసేసి, ఆ చోట వట్టి గాజులాంటి స్ఫటికపు ముక్క పెట్టింది. దాంట్లో చీలికలు లేవు, వెలుగును పట్టి ఉంచేది ఏదీ లేదు. చిన్నోడు రాకూడదు.

వచ్చాడు.

పెర్సిస్ స్టూలు మీద కూర్చుండిపోయింది. పొరకు రెండు ముఖాలు. వెలుగు దాని గుండా పోతూ పోతూ, అందులో ఒక కొంచెం లోపలే అటూ ఇటూ తగిలి, ఆలస్యంగా బయటపడుతోంది. పొర మందంగా ఉంటే యాభై ఫెమ్టోసెకన్ల ఆలస్యం. పలుచగా ఉంటే ఇరవై. బంగారానికి ఇందులో ఏ పాత్రా లేదు. ఇన్నాళ్ళూ వాళ్ళు కొలిచింది ఆ ప్లాస్టిక్ పొరనే.

ఇంత సులువైన సంగతి ఇందరికి ఎలా తప్పిపోయింది? చీలికలు లేని బంగారం పెట్టి చూసే పరీక్ష రాజేందర్ చేశాడు. కానీ అది పాత భవనంలో, పొర అవసరం లేని పాత అమరికలో. ఈ భవనానికి మారాక పొర వచ్చింది. దానితోపాటే చిన్నోడూ కనిపించాడు. ఆ సంబరంలో, ఒకసారి చేసేసిన పరీక్షను మళ్ళీ చేయాలని ఎవరికీ తోచలేదు. మేడమ్‌కి తోచలేదు. పెర్సిస్‌కీ తోచలేదు.

ఆ రోజు ఆమె భోజనానికి ఇంటికి పోలేదు.

మర్నాడు అల్ ముంతజా పేటలో రాజేందర్ గది కింద ఉన్న టీ కొట్టుకు వెళ్ళి, అతన్ని కిందికి పిలిచింది. జగిత్యాల పిల్లవాడు, ఆమెకంటే రెండేళ్ళు సీనియర్. ల్యాబ్‌లో చేరిన మొదటి వారంలోనే "చెల్లె" అని పిలిచాడు, ఆమెకు "అన్నా" అలవాటైపోయింది. చేతిలో వైవా కాగితాలతోనే దిగి వచ్చి రెండు చిక్కటి కరక్ టీలు చెప్పాడు.

"మొహమేంది గట్లున్నది? నిద్ర పోలేదా?"

"అన్నా, చిన్నోడు జరిగాడు."

"జరిగిండా? ఎటు జరిగిండు?"

"ఇరవై దగ్గరికి. పొర చిరిగితే పలుచనిది వేశాను. వేసిన దగ్గర్నుంచీ అక్కడే వస్తున్నాడు."

"అద్దం సక్కగ కూసోలేదేమో."

"విప్పి విప్పి పెట్టాను."

"బంగారం పాతదైంది మరి."

"బంగారం తీసేసి చూశానన్నా. వట్టి స్ఫటికం పెట్టాను. అయినా వచ్చాడు."

రాజేందర్ టీ కప్పు నోటిదాకా తీసుకెళ్ళి మళ్ళీ కింద పెట్టాడు. "నడువు" అన్నాడు.

ల్యాబ్‌లో ఆమెను దేన్నీ ముట్టుకోనివ్వలేదు. అన్నీ తన చేతులతోనే చేశాడు. పక్క బల్ల మీద ఎవరిదో చిరిగినదాని మందమే ఉన్న పొర ఉంటే విప్పి తెచ్చి బిగించాడు. స్ఫటికం పెట్టాడు. చిన్నోడు యాభై దగ్గర, అచ్చం పత్రికలో అచ్చయిన బొమ్మలో ఉన్నట్టే, తల ఎత్తి నిలబడ్డాడు. పొర తీసేసి, లోపల తగిలొచ్చే వెలుగు కొలతకు అందనంత ఆలస్యమయ్యేలా మందమైన గాజు పలక పెట్టాడు. చిన్నోడు మాయమయ్యాడు. చీలికల బంగారం మళ్ళీ పెట్టినా రాలేదు.

"ఖలాస్" అన్నాడు రాజేందర్. తెర వైపు చూస్తూనే, "ఎవరికన్న చెప్పినవా?" అని అడిగాడు.

"లేదు. ముందు నీకే చెబుతున్నా."

"అయితే చెప్పకు. నా వైవా అయినదాక."

"అన్నా..."

"అబద్ధం ఆడుమంటలేను చెల్లె. ఆగుమంటున్న. గంతే. ఫెలోషిప్ అయిపోయింది. గడువు ఒకపారి పెంచిన్రు, ఇగ పెంచరు. జర్మనీల ఉద్యోగం ఇస్తమన్నోళ్ళు డిగ్రీ కాయితం పట్టుకొని రమ్మన్నరు. ఇప్పుడు ఇది బయటపడ్డదంటే ఐదేండ్ల పని బూడిదే."

"కమిటీ ముందు మేడమ్ అదే బొమ్మ పెడతారుగా?"

"నీకేం తెలుస్తది?" అతని గొంతు హఠాత్తుగా మారిపోయింది. "నీకు ఇల్లున్నది, మీ నాయిన కంపెనీల ఆఫీసర్. వీసాకు మీ నాయినే ఉన్నడు. ఇంకో ఏడు కూసోని మళ్ళ రాసుకుంటవు. నేనెక్కడ కూసోవాలె?"

పెర్సిస్ జవాబు చెప్పలేదు. జవాబు చెప్పకపోవడమే ఒప్పుకోవడమైపోయింది.

ఆదివారం నుంచి ల్యాబ్‌లో మేడమ్ హడావుడి మొదలైంది. ఆమె నడుస్తూనే మాట్లాడుతుంది, మాట్లాడుతూనే నవ్వుతుంది. అరవై దగ్గర పడుతున్నా మెట్లు ఎగబాకుతూ వస్తుంది. "పెర్సిస్ బేటా, కమిటీకి తాజా కొలత ఒక్కటి కావాలె. మన చిన్న సాబ్ ఇంకా సలామతుగ ఉన్నడని చూపిద్దాం" అంది.

"పొర చిరిగింది మేడమ్. కొత్తది తెప్పించాలి."

"అరె, ఎన్ని రోజులు?"

"వారం పట్టొచ్చు మేడమ్."

అది నిజమే, అబద్ధమూ అదే. మేడమ్ ఆమె భుజం తట్టి, పాత కొలతలే వాడదాంలే అని వెళ్ళిపోయింది. పెర్సిస్ బాత్రూములోకి పోయి మొహం మీద నీళ్ళు కొట్టుకుంది. అద్దంలోకి చూడబుద్ధి కాలేదు.

రాజేందర్ సోమవారం మధ్యాహ్నం నుంచి కనబడలేదు. ఫోన్ చేస్తే స్విచాఫ్. గదిలో ఉండే కుర్రాళ్ళను అడిగితే, బట్టలు కూడా తీసుకోకుండా పోయాడన్నారు. బుధవారం సాయంత్రానికి పెర్సిస్‌కి భయం పట్టుకుంది. తన దగ్గరున్న ఇంకో నంబరు ఒకటే, రాజేందర్ తండ్రి రాజేశంది. ఎప్పుడో పండక్కి అందరినీ దోహా బయట అల్ షహానియాకు భోజనానికి పిలిచినప్పుడు రాసుకున్నది.

"ఈడనే ఉన్నడు బిడ్డా" అన్నాడు రాజేశం. "మాట్లాడుతలేడు. తింటలేడు. నువ్వొక్కపారి రా."

మర్నాడు పొద్దున్నే నాన్న సువార్తరావు దగ్గర కారు తాళాలు తీసుకుంది. "షహానియాలో నీకేం పనే?" అని ఆయన అడిగితే, "స్నేహితుడికి బాగోలేదు నాన్నా" అంది. ఆయన మొహం చూసి ఇంకేమీ అడగలేదు.

రాజేశం ఇరవై ఏళ్ళ కింద ఖతర్‌కి వచ్చాడు. మొదట కట్టడాల మీద పనిచేశాడు. నడుము దెబ్బతిన్నాక ఒంటెల ఫారంలో కుదిరాడు. మేత వేయడం, నీళ్ళు పట్టడం, పందేల కాలంలో ఒంటెలను ట్రాక్ దగ్గరికి నడిపించుకుపోవడం. కొడుకు హైదరాబాదులో ఎమ్మెస్సీ చేసి స్కాలర్‌షిప్ మీద ఇదే దేశానికి వచ్చినప్పుడు, ఫారంలో ఉన్న సుడానీలకు, బంగ్లా వాళ్ళకు అందరికీ ఖర్జూరాలు పంచాడు.

కారు దిగగానే ఆమెను గేటు బయటే ఆపాడు. "మంగళారం పొద్దుగాల వచ్చిండు. పగటీలి నేను మేత కాడ ఉంటే, ఎప్పుడు పోయిండో పోయిండు. రోడ్డు దిక్కు ఎండల పోయి కూసున్నడు. నీళ్ళు లెవ్వు, నెత్తి మీద బట్ట లేదు. మా పికప్ డ్రైవర్ చూసి తోలుకొచ్చిండు. ఇంకింతసేపైతే పాణం పోతుండె అన్నడు. ఏమైందిరా అంటే ఏడుసుడే. నీకెరుకనా బిడ్డా?"

తనకు చేతనైనంత తేలిక మాటల్లో పెర్సిస్ చెప్పింది. కనిపెట్టామనుకున్నది నిజంగా లేదని, యంత్రంలో ఒక ముక్క తమను మోసం చేసిందని, అది బయటపెడితే రాజేందర్ పరీక్ష ఆగిపోతుందని.

"మావోడు దొంగతనం జేసిండా?"

"లేదు బాబాయ్ గారూ."

"మందిని మోసం జేసిండా?"

"లేదండీ. ఎవరికీ తెలియలేదు."

"మరి గమ్మున ఉండరాదు? ఎవరికెరుక? ఊర్ల వాళ్ళమ్మ బాలవ్వ అందరికి చెప్పుకున్నది, దుబాయ్ల మా కొడుకు డాక్టర్ అయితుండని. మోకాళ్ళ నొప్పులకు మందులు అడుగబట్టిన్రట ఆమెను." అతను నవ్వబోయాడు, నవ్వు రాలేదు. ఉన్నట్టుండి ముందుకు వంగాడు. "నీ కాల్మొక్త బిడ్డా. వాడు డాక్టర్ అయినంక చెప్పుకోండ్రి. నాకు వాడొక్కడే."

పెర్సిస్ ఉలిక్కిపడి వెనక్కి జరిగింది. కారు తలుపు వీపుకు తగిలింది. తండ్రి వయసు మనిషి ఇసుకలో మోకాళ్ళ మీద ఉన్నాడు, అతని చేతులు ఆమె చెప్పుల దగ్గరున్నాయి.

"బాపూ, లే."

రేకుల షెడ్డు గుమ్మంలో రాజేందర్ నిలబడి ఉన్నాడు. పెదవులు పగిలి ఉన్నాయి, ముక్కు మీద చర్మం ఊడిపోతోంది. వచ్చి తండ్రి చంకల కింద చేతులు పెట్టి లేపాడు. "ఆమెను అడుగకు. ఆమెను ఆగుమన్నది నేనే. మళ్ళ నువ్వు గూడ అడుగకు."

రాజేశం తువ్వాలుతో మొహం తుడుచుకుంటూ ఒంటెల వైపు పోయాడు. వాళ్ళిద్దరూ షెడ్డు నీడలో మేత బస్తాల మీద కూర్చున్నారు. బయట ఎండ తెల్లగా మండుతోంది.

"మరీహా యాదికున్నదా?" అన్నాడు రాజేందర్.

గుర్తుంది. మలేషియాలో పరిశోధన చేస్తున్న అమ్మాయి. రాజేందర్ వ్యాసం చదివి, అదే ప్రయోగాన్ని తన ల్యాబ్‌లో చేయడానికి ఏడాదికి పైగా తంటాలు పడుతోంది. చిన్నోడు ఆమెకు కనబడటం లేదు. అప్పుడప్పుడు రాజేందర్‌కి ఫోన్ చేసి సలహాలు అడుగుతుండేది.

"ఆమెకు నేనేం జెప్పిన్నో ఎరుకనా? నీ బంగారం సుద్దంగ లేదు, మళ్ళ చెయ్యి అన్న. చేసింది. చీలికలు సక్కగ రాలేదు, మళ్ళ చెయ్యి అన్న. చేసింది. సోమవారం ఫోన్ జేసింది. వాళ్ళ గైడు అన్నడట, నీ చేతులు పనికిరావు, ఈ చదువు ఇడిసిపెట్టు అని. నువ్వేమంటవు, నిజంగనే నా చేతులు మంచిగ లేవా అని అడిగింది నన్ను." అతను రెండు అరచేతులూ మొహానికి అడ్డం పెట్టుకున్నాడు. "అప్పటికి నాకెరుక చెల్లె. శనివారమే ఎరుక. ఆమె బల్ల మీద పొర లేదు, గాజు పలక ఉన్నది. గందుకే కనవడుతలేదు. ఒక్క మాట చెప్తే అయిపోతుండె. నోరు రాలేదు. చూద్దాం, ఇంకోపారి చెయ్యి అన్న. గప్పుడు ఫోన్ బంద్ పెట్టిన."

"రోడ్డు మీదికి ఎందుకు పోయావన్నా?"

"ఏమో. ఎందుకు పోయిన్నో నాకే తెల్వది. నడిస్తె బాగనిపించింది. ఆగితె బాగనిపియ్యలే. ఆడ కూసుంటె ఇగ లేవబుద్ధి కాలే." బస్తా మీది గడ్డిపోచ ఒకటి తుంచి, "మళ్ళ గట్ల పోను. బాపుకు మాటిచ్చిన" అన్నాడు.

పెర్సిస్‌కి ఏడుపు ఆగలేదు. "నేను కూడా మేడమ్‌కి అబద్ధం చెప్పానన్నా. పొర తెప్పించాలన్నాను."

"ఎరుక. నేనే చెప్పిచ్చిన." అతను ఫోన్ తీసి ఆన్ చేశాడు. మరీహాకు చేశాడు.

ఇంగ్లీషులో, తడబడకుండా, పొర సంగతి మొదటి నుంచీ చివరిదాకా చెప్పాడు. నీ కొలతలే సరైనవి, నా కొలతలు తప్పు, నీ చేతులకు ఏ లోపమూ లేదు అన్నాడు. అటువైపు నుంచి ఆమె మళ్ళీ చెప్పమంది. మళ్ళీ చెప్పాడు. అప్పుడు ఆమె అడిగిన మాట స్పీకర్‌లో పెర్సిస్‌కీ వినిపించింది.

"ఇది నీకు ఎప్పుడు తెలిసింది?"

"శనివారం."

"నేను నిన్ను అడిగింది సోమవారం."

ఫోన్ పెట్టేసింది. రాజేందర్ మళ్ళీ చేస్తే ఎత్తలేదు. క్షమించమని అడిగే సందు కూడా ఆమె ఇవ్వలేదు. అతను ఫోన్‌ను బస్తా మీద పెట్టి, "మంచిగనే జేసింది" అన్నాడు.

ఆ సాయంత్రమే ఇద్దరూ మేడమ్ గదికి వెళ్ళారు. కమిటీ కోసం తయారుచేసిన బొమ్మలు ఆమె తెర మీద ఉన్నాయి. రాజేందర్‌ని చూడగానే, "కహాఁ థే బేటా, యాడికి పోయినవ్? మొహమేంది గట్ల కాలింది?" అని లేచింది. అతను చెప్పడం మొదలుపెట్టాక మళ్ళీ కూర్చుంది. అంతా విన్నాక, "చూపియ్యండి" అంది.

ల్యాబ్‌లో ఆమె చున్నీని మెడకు చుట్టేసుకుని, కళ్ళద్దాలు నెత్తి మీదికి నెట్టి, ఒక్కొక్కటీ తనే బిగించింది. ఆమె బల్ల మీద చెయ్యి పెట్టి చాలా ఏళ్ళయింది. అయినా వేళ్ళు దేన్నీ మరిచిపోలేదు. మందం పొర పెట్టింది. పలుచని పొర పెట్టింది. పొర బదులు గాజు పలక పెట్టి చూసింది. చివరికి తెర మీద పెద్ద గుట్ట దాటాక గీత చదునుగా, ఖాళీగా సాగిపోతుంటే, స్టూలు వెతుక్కుని కూలబడింది.

"ఎవరు ముట్టుకొమ్మన్నరు నిన్ను?" అంది పెర్సిస్‌తో. "కమిటీ అయిపోయేదాక ఆ దుమ్ము అట్లనే ఉంటే ఏం పోతుండె?"

ఆమె కళ్ళద్దాలు కిందికి దించుకుంది.

"ఆదివారం కానియ్యండి. పైసలు మంజూరు కానియ్యండి. సోమవారం నేనే పత్రికకు రాస్త. మూడు దినాలల్ల ఏమైతది? మీ అందరి బతుకులు దాని మీదనే ఉన్నయి. మిగిలిన ఇద్దరు పిల్లలు ఏం పాపం జేసిన్రు?"

"నేను గూడ గట్లనే అనుకున్న మేడమ్, కొన్ని దినాలల్ల ఏమైతదని" అన్నాడు రాజేందర్. "ఏమైతదో సూసొచ్చిన."

మేడమ్ అతని కాలిన మొహం వైపు చాలాసేపు చూసింది. పొద్దు గూకిన వేళ మగ్రిబ్ అజాన్ వినబడింది. "మీరిద్దరు ఇంటికి పోండి" అంది.

ఆమె ఏం తేల్చుకుందో ఆదివారం దాకా వాళ్ళకు తెలియదు. కమిటీ గది బయట సోఫాలో ఇద్దరూ పక్కపక్కన కూర్చున్నారు. తలుపు తీసినప్పుడల్లా లోపల తెర మీద ఏముందో చూడాలని పెర్సిస్ మెడ చాచింది, కనబడలేదు. లోపలినుంచి ఒకసారి నవ్వులు వినిపించాయి. రాజేందర్ కాలు ఊపుతూనే ఉన్నాడు.

మేడమ్ బయటికి వచ్చినప్పుడు ఆమె చేతిలో ల్యాప్‌టాప్ మూత తెరిచే ఉంది. దాని మీద రెండు గీతలు, ఒకదాని పక్కన ఒకటి. పొర ఉన్నది, పొర లేనిది.

"చెప్పేసిన" అంది. గోడకు ఆనుకుంది. "మంచి పని చేసినవని అందరు చెయ్యి కలిపిన్రు. నిధులు మాత్రం లేవన్నరు."

తర్వాతవన్నీ ఒకదాని వెనక ఒకటి జరిగిపోయాయి. వ్యాసాన్ని వెనక్కి తీసుకుంటున్నామని పత్రిక నాలుగు పంక్తులు వేసింది. జపాన్ వాళ్ళు బహుమతిని తిరిగి ఇమ్మన్నారు. చిన్న విద్యార్థులిద్దరినీ మేడమ్ బతిమాలి వేరే ప్రొఫెసర్ల దగ్గర చేర్పించింది. ల్యాబ్‌లో సగం గదిని పక్క విభాగం తీసుకుంది. రాజేందర్ వైవా రద్దయింది. కొత్త గ్రంథం రాసి ఇవ్వొచ్చన్నారు గాని, గడువు దాటినవాడికి ఫెలోషిప్ లేదు, ఫెలోషిప్ లేనివాడికి నివాస అనుమతి లేదు. మేడమ్ ఏదో ఒక ఆఫీసుకు పోని రోజు లేదు. ఎక్కడికి పోయినా మర్యాదగా కాఫీ ఇచ్చి, నిబంధన చూపించి పంపారు. జర్మనీ నుంచి వచ్చిన జవాబు కూడా మర్యాదగానే ఉంది.

పెర్సిస్ తన రెండు అధ్యాయాలూ తీసేసి మళ్ళీ మొదలుపెట్టింది. రాజేందర్ ఉన్నన్నాళ్ళూ రోజూ వచ్చి ఆమెతోపాటు బల్ల దగ్గర నిలబడ్డాడు. పొర లేకుండా, సరైన అమరికతో, బంగారంలో వెలుగు నిజంగా ఎంతసేపు నిలుస్తుందో ఇద్దరూ కలిసి కొలిచారు. ఏడు ఫెమ్టోసెకన్లు వచ్చింది. ఆ సంఖ్య ఎప్పటినుంచో అందరికీ తెలిసినదే. "దీనికెవడు డిగ్రీ ఇస్తడు చెల్లె" అన్నాడు రాజేందర్, కొలతలన్నీ తన డిస్క్‌లోకి ఎక్కించుకుంటూ. జగిత్యాలకు పోయి, పొర ఎలా మోసం చేస్తుందో అదే గ్రంథంగా రాసి పంపుతానన్నాడు. అక్కడి నుంచి పంపితే తీసుకుంటారో లేదో మేడమ్‌కీ తెలియదు.

అతను బయలుదేరిన రోజు విమానాశ్రయానికి పెర్సిస్, రాజేశం వెళ్ళారు. రాజేశం ఆ రోజంతా ఆమెతో ఒక్క మాట మాట్లాడలేదు, ఆమె వైపు చూడలేదు. రాజేందర్ తండ్రిని గట్టిగా పట్టుకుని వదిలాడు. పెర్సిస్ దగ్గరికి వచ్చి, "మరీహాకు నువ్వొకపారి ఫోన్ జెయ్యి. నాదైతే ఎత్తుతలేదు. చదువు ఇడిసిందో ఉన్నదో కనుక్కో" అన్నాడు. ఆమె తల ఊపింది. అతను గాజు తలుపుల వెనక జనంలో కలిసిపోయాడు.

రాజేశాన్ని షహానియాలో దింపడానికి ఆమే తీసుకెళ్ళింది. ఊరు దాటేదాకా అతను కిటికీలోంచి బయటికే చూశాడు. ఇరువైపులా మైదానం వచ్చాక, తల తిప్పకుండానే అడిగాడు.

"మావోడు తప్పు జెయ్యలేదంటివి."

"చెయ్యలేదు బాబాయ్ గారూ."

"తప్పు బయటపెట్టింది మీరే."

"మేమేనండీ."

"మంచిపని జేసిన్రని చెయ్యి గూడ కలిపిన్రట."

"కలిపారు."

"మరి ఎందుకు ఎల్లగొట్టిన్రు?"

పెర్సిస్ చెప్పడం మొదలుపెట్టింది. నిబంధనలు, గడువులు, నిధులు ఎలా నడుస్తాయో, ఎవరూ ఎవరినీ కావాలని వెళ్ళగొట్టలేదని. చెబుతుంటే ఆ మాటలు ఆమెకే ఆఫీసుల్లో విన్న మాటల్లా వినిపించాయి. మధ్యలో ఆపేసింది.

ఫారం గేటు దగ్గర దిగాడు. తలుపు వేసి, కిటికీ అద్దం మీద వేలితో కొట్టాడు. ఆమె అద్దం దించింది.

"ఎండ మస్తున్నది. నీళ్ళు తాగిపో" అన్నాడు.

ఆమె కారు దిగింది. అతను లోపలికి పోయి స్టీలు గ్లాసులో నీళ్ళు తెచ్చి ఇచ్చి, ఆమె తాగేదాకా పక్కనే నిలబడ్డాడు.